చీరకు 5 శాతం, జాకెట్‌కు 18

సంపాదకులకు నమస్కారం.

బరంపురంలో మా ఇంటి ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను పెట్టుకుని మూడేళ్లుగా చేనేత బట్టతో కుర్తాలు, జాకెట్లు, స్టోల్స్ కుట్టి సొంత పేరు మీద అమ్ముతున్నాను. నాతోపాటు ఇద్దరు పనిచేస్తారు. మొన్న ఒక జాకెట్‌కు ధర చీటీ రాయబోయి అరగంట ఆగిపోయాను. ఆ చీటీ గురించే ఈ ఉత్తరం.

ఆ జాకెట్ బట్ట కొరాపుట్ జిల్లా కొట్‌పాడ్‌ది. 2005లోనే జీఐ, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న భౌగోళిక గుర్తింపు, వచ్చిన నేత అది. ముదురెరుపు రంగు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. నూలుకు ఆముదం, పేడ, బూడిద పట్టించడం, ఎండబెట్టడం, మళ్లీ పట్టించడం... రంగు ఎక్కడానికే వారాలు పడుతుంది. 2018లో పద్మశ్రీ అందుకున్న గోవర్ధన్ పనికా అక్కడి నేతగాడే. అలాంటి బట్ట చవగ్గా రాదు, రాకూడదు కూడా. బట్ట, లోపలి అస్తరు, గుండీలు, కుట్టుకూలి అన్నీ కలిపి, నాకు నాలుగు డబ్బులు మిగిలేలా చూసుకుంటే 2,700 రూపాయలు తేలింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టిన దుస్తుల ధర 2,500 లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. వెయ్యి నుంచి 2,500 మధ్య ఉన్నవాటి మీద అంతకుముందు 12 ఉండేది, అది 5 అయింది. సంతోషమే. నా కుర్తాలు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. కానీ ఈ జాకెట్ మీద పన్ను 486 రూపాయలు. అదే వీధిలో 14,000 పెట్టి పట్టుచీర కొంటే పన్ను 5 శాతమే, ఎందుకంటే చీర కుట్టని బట్ట కిందికి వస్తుంది. చీర మీద పన్ను పెంచమని నేననడం లేదు, దేవుడా! మగ్గం మీది బట్టే కత్తెర పడగానే విలాసవస్తువు ఎలా అవుతుందన్నదే నా ప్రశ్న. ఏది చేనేతో ఎలా తేలుస్తారని అడగొచ్చు. దానికోసం అసలు చేనేత బట్టకు ప్రభుత్వం వేయించే హ్యాండ్లూమ్ మార్కు 2006 నుంచి ఉండనే ఉంది. ఆ మార్కున్న బట్టతో కుట్టిన దుస్తులకు ధర ఎంతైనా 5 శాతమే ఉంచమని అడుగుతున్నాను. జీఎస్టీ మండలిలో ఒడిశా, ఆంధ్ర రెండూ ఉన్నాయి. ఎవరో ఒకరు నోరు తెరవాలి.

పన్ను ఒక్కటే కాదు, అసలు బట్ట దొరకడమే కష్టం. మహురి రాజుల కాలంలో మగ్గాలతో వచ్చి స్థిరపడ్డ దేవాంగుల వీధులు మా ఊళ్లో ఉన్నాయి. 1936లో ఒడిశా ఏర్పడి గంజాం మద్రాసు నుంచి విడిపోయినా ఆ వీధుల్లో పడుగూ పేకా తెలుగులోనే నడుస్తాయి. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చేది దేవాంగుల పెద్ద దేశిబెహరా ఇంటికే. ఇంత నేత ఉన్న ఊళ్లో నాకు 12 మీటర్ల సాదా పట్టు బట్ట దొరకలేదంటే నమ్ముతారా?

ఒక పెద్దాయన్ని అడిగితే నవ్వాడు. "పన్నెండు మీటర్లకి పడుగు ఎవుడేత్తాడమ్మా? పోగులతకడానికే రెండ్రోజులు పోద్ది. చీర కావాలంటే చెప్పు." ఆయన మాటలో తప్పేం లేదు. ఒక నేత సంఘం ఆఫీసుకు వెళ్తే బీరువా నిండా చీరలూ, జోడాలూ (మగవాళ్ల పంచె, ఉత్తరీయం జతలు) చూపించి, మీటరు లెక్కన అమ్మే పద్ధతి మాకు లేదన్నారు. పన్నా (బట్ట వెడల్పు) ఎంత, ఉతికితే ఎంత ముడుచుకుంటుంది అని అడిగితే వింతగా చూశారు.

గతిలేక చీర కొని కోశాను. సరిగ్గా ఆ వేళకే పెద్దాయన వచ్చాడు. కత్తెర కుంభం మీద, అంటే గుడి గోపురాల అంచు మీద ఉంది. "కుంభం కోసీసినావేటమ్మా!" అన్నాడు, ఇంకేం అనలేదు. కింద పడ్డ అంచుముక్క తీసి, నాలుగు మడతలు పెట్టి, మిషను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను కుంభం అంచును కోయకుండా కుర్తా అడుగుకో చేతులకో వచ్చేలా బట్ట పరుచుకుంటున్నాను. ఇందులో చాలా బట్ట వృథా అవుతుంది. సాదా తాను దొరికితే ఈ గొడవే లేదు.

మీటరు లెక్కన దొరికేది మిల్లు బట్ట. చేనేత డిజైన్ అచ్చువేసి, ఎంత కావాలంటే అంత కోసి ఇస్తారు. మొదటి ఏడాది చేనేత అని నమ్మి ఒక తాను కొని నేనూ మోసపోయాను. మగ్గం మీద బట్ట సాగి నిలవడానికి నేతగాడు బద్ద పెడతాడు, దాని సూదులు దిగిన బెజ్జాలు అంచుల్లో ఎడం ఎడంగా కనిపిస్తాయి. అది చూడాలని నాకప్పుడు తెలియదు. తెలిశాక చూస్తే ఒక్క బెజ్జమూ లేదు.

సంఘాలు పది మగ్గాల మీద ఒకే సాదా పడుగు ఎక్కించి, నేసిన తాను మీటరు లెక్కన అమ్మితే నాలాంటి వాళ్లం పంచుకుని కొంటాం. చీరల గిరాకీ లేని నెలల్లో నేతగాళ్లకూ పని దొరుకుతుంది. పెద్దాయన చెప్పిన రెండ్రోజుల పోగులతుకు ఖర్చు అప్పుడు ఒక్కరి మీద పడదు.

ఇక చేనేత మేళాల సంగతి. ఇచ్ఛాపురం అవతల, ఆంధ్రలో స్టాల్ అడిగితే మీరు ఒడిశావాళ్లన్నారు. ఇక్కడ అడిగితే నేత సంఘాలకే ఇస్తామన్నారు. కుట్టేవాళ్లు ఏ జాబితాలోనూ లేరు.

ఆ జాకెట్ చీటీ మీద చివరికి 2,490 అని రాశాను. తగ్గిన 210 నా కుట్టుకూలిలోంచే పోయింది. కొట్‌పాడ్ నేతగాడికి ఇవ్వాల్సింది ముందే ఇచ్చేశాను కదా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా