ప్లేస్ వచ్చినా పైకం రాని పందేలు

సంపాదకులకు,

ఏప్రిల్ వచ్చిందంటే మీ క్రీడా పేజీలో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెంలోని గుర్రాల పేర్లు, ఆగస్టా మాస్టర్స్ గోల్ఫ్ పోటీ ఆటగాళ్ల పేర్లు పక్కపక్కనే వేసి, ఎదురుగా 20/1, 40/1 అంటూ ఆడ్స్, అంటే పందెం ధరలు, అచ్చు వేస్తున్నారు (20/1 అంటే గెలిస్తే ఒకటికి ఇరవై లాభం). చూడటానికి రెండూ ఒకే రకం పట్టికలు. బుకీ డబ్బు లెక్కపెట్టే తీరు మాత్రం వేరు, ఆ తేడా మీ కథనాల్లో ఎక్కడా కనిపించదు.

బ్రిటన్‌లో ఈ రెండింటి మీదా బాగా వాడుకలో ఉన్నది 'ఈచ్ వే' పందెం. 10 పౌండ్ల ఈచ్ వే అంటే జేబులోంచి పోయేది 20 పౌండ్లు: పది గెలుపు మీద, పది ప్లేస్ మీద, అంటే మొదటి కొన్ని స్థానాల్లో ఒకటి రావడం మీద. ఇంగ్లండ్‌లోని ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ ఒక హ్యాండిక్యాప్ రేసు, అంటే మెరుగైన గుర్రాలకు ఎక్కువ బరువు మోయించే పందెం. 2024 నుంచి గరిష్ఠంగా 34 గుర్రాలే పరుగెత్తుతున్నాయి, అంతకుముందు 40. పదహారు, ఆపైన గుర్రాలున్న హ్యాండిక్యాప్‌లో మామూలు షరతు నాలుగు ప్లేస్‌లు, ప్లేస్ పందేనికి ఆడ్స్‌లో నాలుగో వంతు. 20/1 గుర్రం మూడోదిగా వస్తే గెలుపు మీద కాసిన పది పోతుంది. ప్లేస్ పది మీద 5/1 లెక్కన 50, అసలు 10, మొత్తం 60 చేతికొస్తుంది. 'మేం ఆరు ప్లేస్‌లు ఇస్తాం' అని ఊరించే బుకీ చాలాసార్లు నాలుగో వంతును ఐదో వంతు చేస్తాడు. అప్పుడు అదే మూడో స్థానానికి వచ్చేది 50.

గుర్రాలు తప్పుకుంటే ఇంకో కోత. 10/1కి పది పౌండ్లు కాశాక, 2/1 ఫేవరెట్ బరిలోంచి తప్పుకుందనుకోండి. 'రూల్ 4' ప్రకారం లాభంలో పౌండుకు 30 పెన్నీలు తీసేస్తారు. అంటే మీ గుర్రం గెలిచినా లాభం 100 కాదు, 70. చిన్న రేసుల్లో ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉంది: ఎనిమిది గుర్రాల్లో ఒకటి తగ్గి ఏడైతే మూడో ప్లేస్ ఎగిరిపోతుంది. చాలా ముందుగా కాసే యాంటీ పోస్ట్ పందెంలోనైతే, ప్రత్యేక హామీ లేకుంటే, గుర్రం పరుగెత్తకపోయినా డబ్బు తిరిగి రాదు.

గోల్ఫ్‌లో తంటా వేరు. నాలుగు రోజులు, 72 హోల్స్ ఆడాక స్కోరు పూర్తి సంఖ్యల్లోనే ఉంటుంది కాబట్టి ఒకే స్కోరు మీద ఐదారుగురు నిలవడం వింతేమీ కాదు. గుర్రాలకు ముక్కు తేడా తేల్చే ఫొటో ఉంది, గోల్ఫ్‌లో కింది స్థానాలను తేల్చేదేమీ లేదు. సమమైనవాళ్లను మళ్లీ ఆడించే ప్లే ఆఫ్ మొదటి స్థానానికే. 2025 మాస్టర్స్‌లో మెకిల్‌రాయ్, జస్టిన్ రోజ్ 11 అండర్‌తో (నిర్ణీత షాట్ల కన్నా 11 తక్కువ) సమమైతే 18వ హోల్‌లో ప్లే ఆఫ్ ఆడించారు, మెకిల్‌రాయ్ గెలిచాడు. రోజ్ మీద గెలుపు పందెం మొత్తం పోయింది, రెండో స్థానం ప్లేస్ మాత్రం పూర్తిగా దక్కింది.

కింద సమమైతే 'డెడ్ హీట్' లెక్క: మిగిలిన ప్లేస్‌లను సమమైనవాళ్ల సంఖ్యతో భాగించి, పందేన్ని ఆ మేరకు తగ్గిస్తారు. 40/1 ఆటగాడి మీద 10 ఈచ్ వే, ఐదు ప్లేస్‌లు, ఐదో వంతు అనుకుందాం. ఒంటరిగా నాలుగోవాడైతే 90 వస్తుంది. నాలుగో స్థానంలో నలుగురు సమమైతే మిగిలిన ప్లేస్‌లు రెండే. పందెం సగమై 45 వస్తుంది. ఐదో స్థానంలో ఆరుగురు కూడితే పదిలో ఆరో వంతుకే లెక్క కట్టి 15 ఇస్తారు. పెట్టింది 20! ఆటగాడికి ప్లేస్ వచ్చింది, కాసినవాడికి ఐదు పౌండ్ల నష్టం వచ్చింది. మీ పేజీలో మాత్రం అతను 'టాప్ 5'.

గ్రాండ్ నేషనల్‌లో 1967లో ఫోయినవాన్, 2009లో మాన్ మోమ్ అనే గుర్రాలు 100/1కి గెలిచిన ముచ్చట ఏటా తప్పకుండా వేస్తారు, బాగుంది. 100/1 అంటే నూటికి ఒకటి కన్నా కాస్త తక్కువ అవకాశమనీ, అందులో బుకీ తన వాటా ముందే కలిపేసుకున్నాడనీ ఒక్క వాక్యం చేర్చవచ్చు. మూడే గుర్రాలున్న రేసులో 1/1, 2/1, 3/1 ఇస్తే అవకాశాలు 50, 33.3, 25 శాతం. కూడితే 108.3. వందకు పైనున్నది బుకీది.

ఆడ్స్ అచ్చు వేసే చోటే ఎన్ని ప్లేస్‌లు, ఎన్నో వంతు, ఏ రోజు ధర అన్న మూడు సంగతులు కూడా వేయండి. ఒక్క వరుస చోటు చాలు.

- ఒక పాఠకుడు