మా వీసీని తొలగించే ముందు మా మాట వినండి: పాలకమండలి అధ్యక్షులకు అధ్యాపకుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకమండలి అధ్యక్షుల వారికి,

నమస్కారాలు.

మన వైస్ ఛాన్సలర్ గారిని రాజీనామా చేయమని అడిగారనీ, ఆవిడ ఒప్పుకోకపోతే రాబోయే ప్రత్యేక సమావేశంలో ఓటింగ్ పెట్టి తొలగిస్తారనీ మాకు తెలిసింది. మాకు అందిన ఎజెండాలో మాత్రం ‘పరిపాలనా విషయాలు’ అన్న రెండు మాటలే ఉన్నాయి. కారణం ఎక్కడా రాయలేదు. ఆవిడకు షోకాజ్ నోటీసు ఇవ్వలేదు. రోజూ ఆవిడతో కలిసి పనిచేసే మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే మీకు విడిగా వినతిపత్రం ఇచ్చి ఊరుకోకుండా, అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాం. మేం వేర్వేరు విభాగాల్లో పాఠాలు చెప్పే అధ్యాపకులం. ఆవిడ తన పదవీకాలం పూర్తయ్యేదాకా కొనసాగాలన్నది మా కోరిక.

వీసీని నియమించే అధికారం, తొలగించే అధికారం మండలికి ఉన్నాయి. దాన్ని మేం ప్రశ్నించడం లేదు. ఆ అధికారాన్ని తలుపులు మూసుకుని, కారణం చెప్పకుండా, అవతలి మనిషికి జవాబిచ్చే అవకాశం ఇవ్వకుండా వాడబోతున్నారన్నదే మా బాధ.

ఆవిడను ఎందుకు సమర్థిస్తున్నామో చెప్పాలి. మేం అడిగినవన్నీ ఇచ్చేశారని అనుకోకండి. చిన్న విభాగాలను కలిపేయాలని ఆవిడ తెచ్చిన ప్రతిపాదనను మాలో చాలామంది గట్టిగా వ్యతిరేకించాం. అకడమిక్ కౌన్సిల్‌లో ఆ రోజు వాదన వేడిగానే సాగింది. సర్వీసులో చేరి ఎంతో కాలం కాని ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ లేచి, ఆ ప్రతిపాదనలో విద్యార్థుల లెక్క తప్పని చెప్పారు. కొత్తగా చేరినవాళ్లనే లెక్కేశారనీ, పరిశోధక విద్యార్థులనూ, వేరే విభాగాల నుంచి వచ్చి ఆ పేపర్ చదివేవాళ్లనూ వదిలేశారనీ వివరించారు. వీసీ గారు కాగితాలు తెప్పించుకుని చూశారు. లెక్క సరిచేయించారు. మా అసమ్మతిని మేం చెప్పినట్టే మినిట్స్‌లో రాయించారు. ప్రతిపాదన ఏడాది పాటు వాయిదా పడింది. ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఆ తర్వాత ఏ ఇబ్బందీ రాలేదు. యూనివర్సిటీల్లో పనిచేసినవాళ్లకు ఈ చివరి మాట ఎంత పెద్దదో తెలుసు.

డబ్బు విషయంలోనూ ఇలాగే నడిచింది. విభాగాలకు ఎంత వస్తోంది, భవనాలకు ఎంత పోతోంది, కాంట్రాక్టు అధ్యాపకుల జీతాలు ఏ పద్దులోంచి ఇస్తున్నారు అన్నవి మాకు చాలాకాలం పాటు తెలిసేవే కావు. ఆవిడ వచ్చాక ఆ లెక్కలు డీన్ల ముందుకు వచ్చాయి. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు తన కార్యాలయం ఖర్చే తగ్గించారు. అంతకుముందు పీహెచ్‌డీ థీసిస్‌లు సమర్పించాక నెలల తరబడి ఏమయ్యాయో తెలిసేది కాదు. ఇప్పుడు తన థీసిస్ ఏ దశలో ఉందో స్కాలర్ తనే చూసుకోవచ్చు. ఇలాంటివి శిలాఫలకాలకు ఎక్కే పనులు కావు. థీసిస్ కదలక ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టుకోలేకపోయిన స్కాలర్‌ను అడిగితే మాత్రం వాటి విలువ చెబుతారు.

మార్పులు నెమ్మదిగా జరుగుతున్నాయన్న అసంతృప్తి మండలిలో కొందరికి ఉందని వింటున్నాం. అసలు కారణం అదే అయితే, అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2012లో జరిగినదాన్ని మండలి సభ్యులు ఒక్కసారి చదవాలి. అక్కడి మొదటి మహిళా అధ్యక్షురాలు టెరీసా సలివాన్ పదవిలోకి వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. పాలకమండలికి నాయకత్వం వహించే రెక్టర్ హెలెన్ డ్రాగాస్, వైస్ రెక్టర్ మార్క్ కింగ్టన్ సభ్యులతో విడివిడిగా మాట్లాడి మద్దతు కూడగట్టి, ఆమెను రాజీనామాకు ఒప్పించారు. మండలి మొత్తం కూర్చుని చర్చించి ఓటు వేసింది లేదు. జూన్ 10న ప్రకటన వచ్చింది. కారణమేమిటంటే ఆలోచనా ధోరణిలో తేడా అన్నారు. అంతకుమించి సూటైన జవాబు రాలేదు.

అధ్యాపకుల సెనేట్ అత్యవసరంగా సమావేశమై రెక్టర్ మీదా, వైస్ రెక్టర్ మీదా, మొత్తం మండలి మీదా అవిశ్వాస తీర్మానం చేసింది. వైస్ రెక్టర్ రాజీనామా చేశారు. తాత్కాలిక అధ్యక్షుడిగా ఎంపికైన డీన్ ఆ బాధ్యత తీసుకోకుండా ఆగిపోయారు. సలివాన్ మండలి ముందుకు వచ్చి, అంచెలంచెలుగా మార్పు తేవడమే తన పద్ధతి అని దాపరికం లేకుండా చెప్పారు. కంపెనీల్లో లాగా పైనుంచి ఆదేశాలు ఇచ్చి గొప్ప విశ్వవిద్యాలయాన్ని నడపలేమని కూడా అన్నారు. మీరు తేల్చకపోతే అందరి రాజీనామాలూ అడుగుతానని రాష్ట్ర గవర్నర్ మండలిని హెచ్చరించారు. జూన్ 26న అదే మండలి, డ్రాగాస్‌తో సహా, ఏకగ్రీవంగా ఓటు వేసి సలివాన్‌ను తిరిగి నియమించింది. ఆమె 2018 దాకా పనిచేశారు. నష్టం మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ డిసెంబరులో, విద్యాసంస్థల ప్రమాణాలు చూసి గుర్తింపునిచ్చే సంస్థ, పాలనా తీరులో లోపాలున్నాయంటూ ఆ విశ్వవిద్యాలయాన్ని హెచ్చరిక జాబితాలో పెట్టింది. అంత పేరున్న సంస్థ తన పాలన సవ్యంగానే ఉందని రుజువు చేసుకోవడానికి ఏడాది పట్టింది.

అమెరికా సంగతి మనకెందుకు అనేవారికి ఉస్మానియా ఉంది. 1964లో డాక్టర్ డి.ఎస్. రెడ్డి గారిని అక్కడ ఐదేళ్ల కాలానికి వీసీగా నియమించారు. 1966లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉస్మానియా చట్టాన్ని సవరించింది. వీసీ పదవీకాలాన్ని మూడేళ్లకు తగ్గించింది. తొలగించాలంటే మాత్రం దుష్ప్రవర్తన లేదా అసమర్థత ఉందని హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నవారో, పనిచేసినవారో విచారించి తేల్చాలని రాసింది. మంచి నిబంధనే. కానీ అదే ఏడాది ఇంకో సవరణతో 13ఏ అనే సెక్షన్ తెచ్చి, అప్పటికే పదవిలో ఉన్న వీసీ మాత్రం 90 రోజుల్లోగా కొత్తవారి నియామకం జరగగానే దిగిపోవాలంది. విచారణ ఊసే లేదు. రెడ్డి గారు హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అందరికీ ఇచ్చిన రక్షణను ఒక్క మనిషికి లేకుండా చేయడానికి సరైన ఆధారం లేదనీ, అది చట్టం ముందు అందరూ సమానమేననే రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమనీ చెప్పి సుప్రీంకోర్టు 1967లో ఆ సెక్షన్‌ను కొట్టేసింది. శాసనసభ చేసిన చట్టమే నిలవలేదు. కారణం రాయని ఒక తీర్మానం ఎలా నిలుస్తుందో మీ న్యాయ సలహాదారులను అడగండి.

అధ్యాపకులు ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాళ్ల పక్షమే అన్న మాట కూడా మా చెవిన పడింది. అది నిజం కాదు. 2005 మార్చిలో హార్వర్డ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అధ్యాపకులు తమ అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్ మీద 218–185 ఓట్లతో అవిశ్వాసం ప్రకటించారు. మరుసటి ఏడాది ఆయన పదవి వదులుకున్నారు. ఇక్కడ కూడా మాకు నమ్మకం పోయిన రోజున మేమే మీ దగ్గరికి వచ్చి చెబుతాం. ఇప్పుడు ఆ నమ్మకం ఉంది కాబట్టే ఈ లేఖ రాస్తున్నాం.

ఇక మేం అడిగేది. ప్రత్యేక సమావేశంలో ఓటింగ్ వాయిదా వేయండి. వీసీ గారి మీద ఉన్న అభ్యంతరాలేమిటో రాతపూర్వకంగా ఆవిడకు ఇవ్వండి, జవాబుకు తగిన సమయం ఇవ్వండి. అవి డబ్బుకు సంబంధించినవో, ప్రవర్తనకు సంబంధించినవో అయితే మండలితో సంబంధం లేని రిటైర్డ్ జడ్జి చేత విచారణ జరిపించండి. ఆ నివేదిక ఆవిడకు వ్యతిరేకంగా వచ్చినా మేం తలవంచి ఒప్పుకుంటాం. పనితీరు గురించి అయితే, ఆ పనిని దగ్గరి నుంచి చూసినవాళ్లం మేమే. కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు మేం ఎన్నుకున్న ప్రతినిధులతో మాట్లాడండి. విశ్వవిద్యాలయ అధ్యాపకుల హోదా గురించి 1997లో యునెస్కో చేసిన సిఫార్సులు కూడా సంస్థ పాలనలో అధ్యాపకులకు భాగం ఉండాలనే చెబుతున్నాయి.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఆవిడను ఇలా పంపిస్తే రేపు ఆ కుర్చీకి దరఖాస్తు చేసేది ఎవరు? సొంత ఆలోచన ఉన్న పండితులు, ఇంకోచోట గౌరవంగా పనిచేసుకుంటున్నవాళ్లు, ఏ రోజు ఏ ఫోన్ వస్తుందో తెలియని చోటికి ఎందుకు వస్తారు? వచ్చినవాళ్లు కూడా మండలి మొహం చూసి సంతకాలు పెట్టడం నేర్చుకుంటారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ లేచి లెక్క తప్పని చెబితే వినే ధైర్యం వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ టెన్షన్ ఇప్పటికే మా విభాగాల్లోకి వచ్చేసింది. కొత్త కోర్సుల ఫైళ్లు ఆగిపోయాయి. ఆవిడ ఉంటారో లేదో తేలనివ్వండి అంటున్నారు కింది అధికారులు. పరీక్షల కాలం దగ్గరపడుతోంది. మీరు తొందరపడి చేసే పనికి మూల్యం చెల్లించేది విద్యార్థులే.

ఈ లేఖను ప్రత్యేక సమావేశం కాగితాల్లో చేర్చి, సభ్యులందరికీ ముందుగానే పంపమని కోరుతున్నాం. చర్చ ఎటు తేలినా దీన్ని మినిట్స్‌కు జతచేయండి. మా ప్రతినిధులు ఆ రోజు పొద్దుటి నుంచీ పరిపాలనా భవనంలోనే ఉంటారు. మీరు పిలిస్తే లోపలికి వచ్చి, ఏ సభ్యుడు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెబుతారు.

గౌరవంతో,
విశ్వవిద్యాలయ అధ్యాపకులు