సోషల్ వర్క్ సిలబస్ మార్చబోతున్న అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

అంతర్జాతీయ సోషల్ వర్క్ సంఘాలు 2014లో ఆమోదించిన సోషల్ వర్క్ నిర్వచనం సామాజిక న్యాయం, మానవ హక్కులు ఈ వృత్తికి కేంద్రమని చెప్పింది. మంచిదే. కానీ ఆ మాటలు పరీక్షలో రాసినంత మాత్రాన విద్యార్థికి పని రాదు.

ఇంట్లో దెబ్బలు తింటున్న మహిళ "ఎవరికీ చెప్పొద్దు" అంటుంది. గోప్యత కాపాడాలా, ఆ ఇంట్లో పిల్లల భద్రత చూడాలా? ఆ టెన్షన్‌లో నిర్ణయం తీసుకోవడం, దాన్ని కారణాలతో కేసు రికార్డులో రాయడం, సూపర్‌వైజర్ అడిగితే వివరించగలగడం: అసలు సామర్థ్యాలు ఇవీ. ఇవి ఫీల్డ్‌వర్క్‌లోనే, అంటే తరగతి బయట నిజమైన మనుషులతో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణలోనే వస్తాయి. చాలాచోట్ల అక్కడ లెక్కపెట్టేది మాత్రం గంటలనే (హాజరు పుస్తకానికి తప్ప అవి ఎవరికి ఉపయోగమో!).

గంటలు ఉండనివ్వండి. విద్యార్థి చేసే ఇంటర్వ్యూను సూపర్‌వైజర్ స్వయంగా చూసి మార్కులు వేసేలా నిబంధన పెట్టండి. అందుకు సూపర్‌వైజర్లకు సమయం కూడా కేటాయించండి.

ఇట్లు,
ఒక సోషల్ వర్క్ అధ్యాపకుడు