ఆవు ఇచ్చి వెళ్లిపోతే సరిపోదు

సంపాదకులకు,

పేదరికం మాటెత్తితే చాలు, రోజుకు ఎన్ని డాలర్లు అనే లెక్క దగ్గరే ఆగిపోతున్నాం. ఆ లెక్క అవసరమే, కానీ ఇల్లు ఎలా గడుస్తోందో అది చెప్పదు. దెబ్బ తగిలినా తట్టుకుని, కోలుకుని, తర్వాతి తరానికీ దారి మిగిల్చేదే సుస్థిర జీవనోపాధి అని 1992లోనే పరిశోధకులు రాబర్ట్ ఛాంబర్స్, గోర్డన్ కాన్వే చెప్పారు.

ఒక పేద కుటుంబానికి పాడి ఆవు ఇచ్చారనుకోండి. మేత ఎక్కడ దొరుకుతుంది? పాలు ఎవరు కొంటారు? ఇంట్లో ఒకరు మంచాన పడితే మొదట అమ్ముడుపోయేది ఆ ఆవే కదా!

బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ నిరుపేదల కోసం 2002లో మొదలుపెట్టిన కార్యక్రమం అందుకే నాకు నచ్చింది. పశువులు ఇచ్చి ఊరుకోలేదు. కొన్నాళ్లు తిండి ఖర్చుకు భత్యం, శిక్షణ, దాదాపు రెండేళ్లు ఇంటికొచ్చి మంచిచెడ్డలు కనుక్కునే మనిషి, అన్నీ కలిపి ఇచ్చారు. ఇదే పద్ధతిని ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా చాలాచోట్ల మెరుగుదల నిలిచింది. హోండురాస్‌లో మాత్రం ఎక్కువమంది కోళ్లు ఎంచుకున్నారు, అవి జబ్బుతో చనిపోయాయి. పాపం, ఆ కుటుంబాల తప్పేముంది?

భూమి ఎవరి చేతిలో ఉంది, ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నలు ఈ పద్ధతిలోనూ వెనకబడుతున్నాయన్న విమర్శ న్యాయమైనదే. దాతలు కనీసం ప్రాజెక్టు ముగిసిన రెండేళ్లకు మళ్లీ వెళ్లి చూసే ఖర్చునైనా బడ్జెట్‌లో ముందే రాయాలని నా విన్నపం.

– ఒక పాఠకుడు