ఆ ముగ్గు మా నాన్న వేసింది

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో సెలవుల్లో పిల్లలకు ఇంటి పనులు నేర్పమని ఒక వ్యాసం వేశారు. వ్యాసంతో నాకు పెద్ద పేచీ లేదు గానీ పక్కన వేసిన బొమ్మతోనే ఉంది. అమ్మ గిన్నెలు తోముతోంది, కూతురు తుడిచి బోర్లిస్తోంది. నాన్న, కొడుకు బొమ్మలో ఎక్కడా లేరు. ముందు గదిలో కూర్చుని మీ పేపరే చదువుతున్నారేమో.

మా ఇంటి సంగతి చెబుతాను. 1980లలో మేం సీతాఫల్‌మండిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్, అమ్మ ఆస్పత్రిలో నర్సు. అమ్మకు నైట్ డ్యూటీ పడిన వారమంతా పొద్దున పనులు నాన్నవీ నావీ. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అది కూడా తెల్లవారుజామున నాలుగింటికి. ప్రెషర్ ఉండేది కాదు, నీళ్లు పైకి ఎక్కేవి కావు, అందుకని బస్తీలో చాలామంది లాగే మేమూ నల్లా దగ్గర నడుం లోతు గుంత తవ్వి పైపు కిందికి దించుకున్నాం. సన్నగా ఉండేవాణ్ని కాబట్టి గుంతలోకి దిగడం నా డ్యూటీ. గొంతుక్కూర్చుని చెంబుతో పట్టి బిందెలో పోస్తూ, నిండగానే "ఊఁ" అంటే నాన్న పైనుంచి వంగి లాక్కుని వెళ్లి హౌజులో కుమ్మరించి వచ్చేవాడు. 18 బిందెలకు హౌజు నిండేది. నేను లెక్క తప్పితే నాన్న హౌజులో చెయ్యి పెట్టి, నీళ్లు మోచేతి దాకా వచ్చాయో లేదో చూసి ఇంకెన్ని కావాలో చెప్పేవాడు. చలికాలంలో పాదాలు జివ్వుమనేవి, ఏడుపొచ్చేది, ఆ మాట మాత్రం ఇప్పటికీ దాచను.

మా నాన్న ఎదురుగా కూర్చుంటే నోరు విప్పే మనిషి కాదు. గుంత దగ్గర మాత్రం మాట్లాడేవాడు. చీకట్లో మొహం కనబడదు, మాటే వినబడేది. వాళ్ల ఊరి చెరువు గురించి, తాను పదో తరగతి ఎందుకు తప్పాడో, అమ్మ నైట్ డ్యూటీ నుంచి వచ్చాక ఎందుకు గట్టిగా మాట్లాడకూడదో, ఇవన్నీ నాకు అక్కడే తెలిశాయి. మీ వ్యాసంలో పని చేసిన పిల్లలకు చార్టు పెట్టి స్టార్లు ఇవ్వమన్నారు. మాకు ఆ టైముకి స్టార్లు నెత్తిమీదే ఉండేవి.

నీళ్లు మోస్తే ఎవరూ ఏమీ అనరు, బస్తీలో మగవాళ్లు చాలామంది మోసేవాళ్లే. బోళ్లు తోమే వేళకి మాత్రం "తలుపేసి రారా" అనేవాడు. నేను కుక్కలు వస్తాయని అనుకునేవాణ్ని. తలుపు పడ్డాకే లుంగీ ఎగ్గట్టి, కొబ్బరి పీచు, బూడిద పట్టుకుని కూర్చునేవాడు. ఆయన రుద్దితే నేను కడిగేవాణ్ని. తర్వాత వత్తుల స్టవ్వులో గ్యాస్‌నూనె పోసి అన్నం, పప్పు పెట్టేసి, ఏడుంపావుకి సైకిలెక్కి వెళ్లిపోయేవాడు.

వాకిలి సంగతి వేరు. అది తలుపేసుకుని చేసే పని కాదు కదా. నీళ్లు పట్టడం అవగానే, ఇంకా చీకటి ఉండగానే, ఊడ్చి అలుకు చల్లేవాడు, నేను టార్చి పట్టుకునేవాణ్ని. మెలికల ముగ్గులు ఆయనకు చేతకావు, అన్నీ గీతల ముగ్గులే. ముందు నా పలక మీద వేసి చూసుకుని, చుక్కలు జానతో కొలిచి పెట్టేవాడు. ఫిట్టర్ కదా, గీత ఒక్కటి పక్కకు పోయినా చెరిపి మళ్లీ వేసేవాడు. పక్కింటి తలుపు గొళ్లెం చప్పుడైతే చాలు, ముగ్గు చిప్ప నా చేతిలో పెట్టి చప్పున లోపలికి వచ్చేసేవాడు.

ఇప్పుడు, జనం రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వం లెక్క తీసిన 2024 టైమ్ యూజ్ సర్వే చూడండి. దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్లు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారట. అది చేసే మగవాళ్ల సగటు, అసలు ముట్టనివాళ్లు ఈ లెక్కలోకే రారు. తలుపేసుకుని చేసేవాళ్లు సర్వేకి వచ్చినవాళ్లతో నిజం చెప్పారో లేదో కూడా నాకు అనుమానమే.

నేనేమీ ఉత్తముణ్ని కాను. హైదరాబాద్‌కి 2004లో కృష్ణా నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత గోదావరి వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ మోటారు వేస్తే ట్యాంకు నిండుతుంది, ఎండాకాలం బోరు ఎండితే ఫోన్‌లో ట్యాంకర్ బుక్ చేస్తాం. మా అబ్బాయీ నేనూ కలిసి చేసే ఇంటి పని బహుశా ఆ బుకింగ్ ఒక్కటే. ఆ గుంతలో పడ్డ కష్టం వాడికి వద్దనే అనుకుంటాను, కానీ నాన్న నాతో మాట్లాడినట్టు నేను వాడితో ఎప్పుడు మాట్లాడానని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కేరళలో 2024లో మూడో తరగతి పాఠ్యపుస్తకంలో, వంటింట్లో నాన్న కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. అది చూసి ముచ్చటపడ్డాను. ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే మీ ఆర్టిస్టు గారికి ఒక మాట చెప్పండి, నాన్న చేతికి ఓ పీచు ముక్క ఇమ్మని. తలుపు కూడా తెరిచే ఉంచమనండి.

ఇంకో సంగతి. డ్యూటీ దిగి అమ్మ ఎనిమిదింటికి వస్తుంటే ఎదురింటావిడ, "సిస్టరమ్మా, ఇవాళ నీ ముగ్గు ఎంత తీరుగా ఉందో" అనేది. రాత్రంతా వార్డులో ఉన్న మనిషి ముగ్గు ఎప్పుడు వేసిందని ఆవిడకు ఎన్నడూ అనుమానం రాలేదు. అమ్మ నవ్వి ఊరుకునేది. ముగ్గు తొక్కకుండా, పక్కనుంచి అడుగేసి లోపలికి వచ్చేది.

ఇట్లు
ఒక పాత సీతాఫల్‌మండి వాసి,
హైదరాబాద్