హీటరు విప్పే ముందు పరీక్షించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న పుష్యమాసంలో తెల్లవారుజామున శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా మా కారు హీటరు గోరువెచ్చని గాలే ఇచ్చింది. అద్దానికి పట్టిన మంచు వదలక, అమ్మ దారంతా చీర చెంగుతో తుడుస్తూనే ఉంది. విజయనగరం తిరిగొచ్చి మెకానిక్‌కు చూపిస్తే, బానెట్ అయినా ఎత్తకుండా, డాష్‌బోర్డు విప్పి హీటర్ కోర్ (లోపలికి వచ్చే గాలిని వేడిచేసే చిన్న రేడియేటరు) మార్చాలన్నారు.

హీటరుకు వేడి ఇంజన్ కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) నుంచే వస్తుంది కనుక, ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూడడమే మొదటి పని. మట్టం సరిగా ఉండి, ఎంత దూరం నడిపినా ఉష్ణోగ్రత ముల్లు కిందనే ఉంటే, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటరుకు పోనివ్వని కవాటం) మూసుకోవడం లేదని అనుమానించాలి. ముల్లు సరిగ్గానే ఉంటే, హీటరుకు వెళ్లే రెండు గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడాలి: ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయిందో, గాలి చిక్కుకుందో అయి ఉంటుంది, రెండూ కాలుతుంటే వేడిగాలినీ చల్లగాలినీ కలిపే తలుపును చూడాలి.

మా కారులో గొట్టం క్లిప్పు వదులై, కూలెంట్ కారిపోయి, గాలి చేరింది. క్లిప్పు బిగించి, కూలెంట్ నింపి, గాలి తీయగానే హీటరు బాగయింది. ఖర్చు లెక్క చెప్పే ముందే ఈ పరీక్షలను యజమాని కళ్లెదుట చేయాలని మన జిల్లా మెకానిక్ సోదరులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం