మంచు ట్రెక్కులకు ముందు మ్యాట్, ఆ తర్వాతే బ్యాగు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు దగ్గరపడగానే పత్రికల పర్యాటక పేజీల్లో కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ లాంటి మంచు ట్రెక్కుల కథనాలు మొదలవుతాయి. వాటి కింద వెంట తీసుకెళ్లాల్సిన సామాను జాబితా ఉంటుంది. విశాఖ నుంచో, హైదరాబాద్ నుంచో మొదటిసారి హిమాలయాలకు బయల్దేరే కుర్రకారు ఆ జాబితానే నమ్ముకుని దుకాణానికి వెళ్తారు. అందులో తప్పకుండా కనిపించే మాట 'మైనస్ 10 స్లీపింగ్ బ్యాగ్'. ఆ మైనస్ 10 దేనికి సంబంధించిన అంకో రాయరు. బ్యాగు కింద ఏం పరుచుకోవాలో అసలే రాయరు. రాత్రంతా వణుకుతూ తెల్లవార్చేవాళ్లలో ఎక్కువమంది కష్టానికి ఈ రెండే మూలం.

అంకె సంగతి ముందు చూద్దాం. స్లీపింగ్ బ్యాగుల వేడిని కొలవడానికి యూరప్‌లో 2002లో ఈఎన్ 13537 అనే ప్రమాణం పెట్టారు. 2016లో దాని స్థానంలో ఐఎస్ఓ 23537 వచ్చింది. ఒంట్లో వేడి పుట్టించే బొమ్మ మనిషికి లోపలి దుస్తులు తొడిగి, బ్యాగులో పెట్టి, మంచి మ్యాట్ మీద పడుకోబెట్టి, చల్లటి గదిలో కొలుస్తారు. దాన్నుంచి మూడు అంకెలు లెక్కగడతారు. కంఫర్ట్ అంటే ఒక సగటు మహిళ ఒళ్లు వదులుగా పెట్టుకుని హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే ఒక సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని, చలికి మెలకువ రాకుండా ఎనిమిది గంటలు గడపగల ఉష్ణోగ్రత. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటల పాటు ప్రాణం నిలబడే హద్దు. అక్కడ నిద్ర మాట దేవుడెరుగు, వేళ్లు మంచుకాటుకు గురికావచ్చు. ఒకే బ్యాగుకు కంఫర్ట్ మైనస్ 5, లిమిట్ మైనస్ 11, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 29 ఉండటం మామూలే. ఇందులో ఏ అంకెను పెద్దక్షరాల్లో అచ్చు వేయాలన్నది అమ్మేవాడి ఇష్టం. అసలు ఏ ప్రమాణం పేరూ లేకుండా 'మైనస్ 15' అని మాత్రమే రాసి ఉంటే దాన్ని అంకెగా లెక్కలోకే తీసుకోకండి.

కొనేటప్పుడు, అద్దెకు తీసుకునేటప్పుడు చూడాల్సింది కంఫర్ట్ ఒక్కటే. వెళ్లే చోట రాత్రి ఎంతకు పడిపోతుందో కనుక్కుని, కంఫర్ట్ అంకె దానికంటే మరో నాలుగైదు డిగ్రీలు కిందికి ఉండేలా చూసుకోవాలి. కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగులు. జనవరి రాత్రుల్లో పై క్యాంపుల్లో మైనస్ 10 మామూలు మాట, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. మగవాళ్లు లిమిట్ చూసుకుంటే చాలని దుకాణాల్లో చెబుతుంటారు. నమ్మొద్దు. పరీక్ష గదిలోని బొమ్మ పగలంతా ఎత్తు ఎక్కి అలసిపోయి ఉండదు, తిండి సయించక సగం కడుపుతో పడుకోదు. పైగా కోస్తా ఉక్కపోతలో పుట్టి పెరిగిన ఒంటికి ఆ చలి కొత్త.

ఇక మ్యాట్. నా ఉద్దేశంలో జాబితాలో మొట్టమొదట రాయాల్సింది ఇదే. బ్యాగు వెచ్చగా ఉండేది దాని గుడ్డ వల్ల కాదు, లోపలి దూదిలోనో ఈకల నూగులోనో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి వల్ల. మనం పడుకోగానే వీపు కింద, తుంటి కింద ఆ నూగు అణిగిపోతుంది, గాలి బయటికి పోతుంది. అంటే ఎంత ఖరీదైన బ్యాగైనా కింది వైపు దాదాపు ఉత్త గుడ్డే. గాలి కంటే నేల, మంచు ఒంట్లో వేడిని చాలా వేగంగా లాగేస్తాయి. ఆ దోపిడీని అడ్డుకోవాల్సింది మ్యాటే. అది ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకెను ఆర్-వాల్యూ అంటారు. పెద్ద కంపెనీలు ఇప్పుడు ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఒకే పద్ధతిలో దీన్ని కొలుస్తున్నాయి కాబట్టి ఒక కంపెనీ అంకెను మరోదానితో పోల్చుకోవచ్చు. మంచు మీద పడుకోవాలంటే మొత్తం 5కు తగ్గకూడదు. మంచు లేని చలికాలపు నేలకు 3 నుంచి 4 సరిపోతుంది. మడతలు పెట్టే గట్టి ఫోమ్ మ్యాట్ 2 దగ్గర ఉంటుంది. లోపల ఏ పొరా లేని, ఊదుకునే పరుపు చూడటానికి మూడంగుళాల ఎత్తున్నా ఆర్-వాల్యూ 1 దాటడం కష్టం, ఎందుకంటే లోపలి గాలి అటూ ఇటూ తిరుగుతూ కింది చలిని పైకి మోస్తుంది. చాలామంది పట్టుకెళ్లే ఆరు మిల్లీమీటర్ల యోగా మ్యాట్ 1కి కూడా రాదు.

ఇందులో ఒక సుఖం ఉంది. ఆర్-వాల్యూలు కలుస్తాయి. 2 ఉన్న ఫోమ్ మీద 3.5 ఉన్న ఊదుకునే మ్యాట్ వేస్తే 5.5. ఫోమ్ కిందుంటే ముళ్లకు, రాళ్లకు పై మ్యాట్ చిల్లు పడదు. పడినా రాత్రి గట్టెక్కుతుంది. ఉత్త ఊదుకునే మ్యాట్ ఒక్కదాన్నే నమ్ముకుని మంచులోకి వెళ్లడం మాత్రం వద్దు. దాన్ని నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపల గడ్డకడుతుంది, బయటి గాలిని పట్టి నింపే సంచి పంపు వాడాలి. సాయంత్రం గట్టిగా ఊదినది చల్లబడ్డాక మెత్తబడుతుంది, పడుకునే ముందు మళ్లీ కాస్త ఊదాలి. దాన్ని చూసి లీకనుకుని కంగారు పడేవాళ్లున్నారు. వెండిరంగు ఎమర్జెన్సీ దుప్పటిని నేలమీద పరిస్తే వేడి నిలుస్తుందన్నది మరో అపోహ. అది ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడు వేడిని తిప్పికొడుతుంది. ఒళ్లు దానికి ఆనుకుంటే చేసేదేమీ లేదు. బ్యాగు పైన కప్పితే ఒంటి తేమను బయటికి పోనివ్వక బ్యాగునే తడుపుతుంది.

ఇదంతా హిమాలయాల కోసమే కాదు. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు ఒక్క అంకెకు పడిపోతాయి, కొన్ని తెల్లవారుజాములు సున్నా దాపుకు వస్తాయి. వంజంగి కొండమీద అద్దె టెంట్లలో పడుకున్నవాళ్లు రెండు రగ్గులు కప్పుకున్నా చలి ఆగలేదంటారు. రగ్గుల్లో ఒకటి కిందికి వెళ్లాల్సింది. టెంట్ అద్దెకిచ్చేవాళ్లు అడుగున జానెడు మందాన ఎండు వరిగడ్డి పరిచి పైన చాప వేస్తే యోగా మ్యాట్ కంటే ఎన్నో రెట్లు మేలు. గడ్డి పొడిగా ఉండాలి, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు.

బ్యాగులో నింపేది రెండు రకాలు. బాతు, పెద్దబాతు ఈకల కింది నూగును డౌన్ అంటారు. తక్కువ బరువు, ఎక్కువ వేడి, చిన్న సంచిలో ఇమిడిపోతుంది. 600, 700, 800 అని రాసేది అది ఎంత పొంగుతుందన్న అంకె మాత్రమే. లోపల ఎన్ని గ్రాములు ఉందో కూడా చూడాలి, 200 గ్రాముల 800 కంటే 600 గ్రాముల 650 వెచ్చన. తడిస్తే నూగు ముద్దకట్టి పనికిరాకుండా పోతుంది. సింథటిక్ దూది బరువు ఎక్కువ, తడిసినా కొంత వేడి నిలుపుతుంది, ధర తక్కువ. గైడ్లతో, కంచర గాడిదల మీద సామాను వేసుకుని నాలుగైదు రోజులు వెళ్లొచ్చేవాళ్లకు సింథటిక్ చాలు. బరువు తామే మోసేవాళ్లకే డౌన్ ఖర్చుకు న్యాయం ఉంది.

డౌన్ కొన్నాక ఇంటి దగ్గర పాడుచేసుకోవడం మన తీరప్రాంతాల్లో ఎక్కువ. కుక్కిన సంచిలోనే బీరువాలో పెడితే నూగు అణిగిపోయి మళ్లీ పూర్తిగా లేవదు, వానాకాలపు తేమకు బూజు వాసన పడుతుంది. వదులైన నూలు సంచిలో గాలి తగిలేలా వేలాడదీయాలి. ఉతికితే గాఢమైన సబ్బుపొడి వాడకూడదు, పిండకూడదు. తడిసిన బ్యాగును ఒక కొసన పట్టి ఎత్తితే లోపలి గదుల గోడలు చిరుగుతాయి, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాలి. ఫ్యాను కింద ఆరేందుకు రెండు మూడు రోజులైనా పడుతుంది, మధ్యమధ్య ఉండలను వేళ్లతో విడదీస్తూ ఉండాలి.

కొలత కూడా ముఖ్యమే. మనిషి కంటే బ్యాగు చాలా పొడవైతే కాళ్ల దగ్గర ఖాళీని వేడిచేయడానికే రాత్రి సరిపోతుంది. బిగుతైతే జాకెట్లు వేసుకుని దూరినప్పుడు నూగు లోపలి నుంచే నలుగుతుంది. అప్పుడు మందపాటి జాకెట్‌ను తొడుక్కునే బదులు బ్యాగు పైన కప్పుకోవడం మేలు. రెండు బ్యాగులు ఒకదానిలో ఒకటి వేస్తే బయటిది పెద్దదిగా ఉండాలి. డౌన్ లోపల, సింథటిక్ బయట ఉండాలి. ఒంటి నుంచి వెళ్లే ఆవిరి బయటి పొరలో గడ్డకడుతుంది కాబట్టి తడిసేది సింథటిక్కే అవుతుంది. ముక్కూ నోరూ బ్యాగులో దాచుకుని ఊపిరి వదలొద్దు. మెడకు ఉన్ని మఫ్లర్, తలకు టోపీ పెట్టుకుని మొహం బయట ఉంచాలి. పగలు చెమట పట్టిన బనియన్, సాక్సులు తీసేసి పొడివి వేసుకోవాలి. గట్టి ప్లాస్టిక్ బాటిల్లో వేడినీళ్లు పోసి, మూత రెండుసార్లు చూసి, సాక్సు తొడిగి తొడల మధ్య పెట్టుకుంటే అర్ధరాత్రి దాటేవరకు బాగుంటుంది. రైల్లో కొన్న నీళ్ల బాటిల్ మరిగే నీళ్లకు ముడుచుకుపోతుంది. ఫ్లాస్కు వేడిని బయటికే రానివ్వదు. మందు కొడితే వెచ్చగా ఉంటుందన్నది వట్టిమాట, రక్తం చర్మం దగ్గరికి చేరి లోపలి వేడి ఇంకా త్వరగా పోతుంది.

టెంట్ గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే అది వేడినివ్వదు. గాలినీ మంచునూ ఆపడమే దాని పని. నిర్వాహకుల ద్వారా వెళ్లేవాళ్లు టెంట్ కొనక్కర్లేదు. సొంతంగా వెళ్లేవాళ్లు రెండు గోడలున్నది, లోపలి గోడ వలలా కాకుండా ఎక్కువ భాగం గుడ్డతో ఉన్నది, అల్యూమినియం కడ్డీలున్నది తీసుకోవాలి. విసిరితే తెరుచుకునే టెంట్లు వంజంగి దాకా సరే. ఫైబర్ కడ్డీలు గట్టి చలికి, గాలికి పగులుతాయి. వల గోడలోంచి పొడిమంచు రాత్రంతా లోపలికి రాలుతుంది.

మంచు మీద టెంట్ వేయాలంటే ముందు బూట్లతో ఆ చోటంతా తొక్కి చదును చేసి, అరగంట వదిలేయాలి. తొక్కిన మంచు గట్టిపడుతుంది. వెంటనే వేస్తే రాత్రి తుంటి కింద గుంట పడుతుంది, ఉదయానికి అది గడ్డకట్టి ఉంటుంది. మామూలు మేకులు మెత్తటి మంచులో నిలవవు. చిన్న గుడ్డసంచుల్లో మంచు నింపి, తాడు కట్టి, మోచేతి లోతున అడ్డంగా పాతి, పైన తొక్కాలి. కర్రముక్కలతోనూ అదే పని చేయొచ్చు. లోయ అడుగున వద్దు, రాత్రి చల్లగాలి అక్కడికే జారి నిలుస్తుంది. మంచు బరువుతో వంగిన కొమ్మల కింద వద్దు. 30 డిగ్రీలకు మించిన బోసి వాలు కింద అసలే వద్దు, మంచు పెళ్లలుగా విరిగి జారిపడేది అలాంటి వాలుల మీదే. పై పచ్చిక మైదానంలో టెంట్ వేసి ఫొటో దిగాలన్న ఆశ కూడా వదులుకోవచ్చు. బుగ్యాళ్లు అనే ఆ పచ్చిక మైదానాల మీద రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లోనే నిషేధించింది.

చలికి భయపడి టెంట్ గాలి కిటికీలన్నీ మూసేయడం పెద్ద తప్పు. ఒక మనిషి ఊపిరి, చెమట కలిపి రాత్రికి గ్లాసుకు తక్కువ కాకుండా నీళ్లు వదులుతాడు. అది గోడలకు మంచుపొరలా పట్టి, తెల్లారి కదిలించగానే బ్యాగుల మీద రాలుతుంది. మొదటి రాత్రి బాగానే ఉండి మూడో రాత్రి చలేసిందంటే కారణం సాధారణంగా ఇదే, నూగు రోజురోజుకూ తేమ పీల్చుకుంటోంది. పైనా కిందా ఒక్కో కిటికీ తెరిచి ఉంచాలి. మధ్యాహ్నం ఎండ ఉంటే బ్యాగును తిరగేసి అరగంట ఆరేయాలి. మంచు కురిసే రాత్రి రెండు మూడు గంటలకోసారి లేచి టెంట్ మీద, అడుగున పేరుకున్నది దులపాలి. లేకపోతే కింది గాలిదారులు మూసుకుపోతాయి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది నిప్పు గురించి. బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ స్టవ్ గానీ, హీటర్ గానీ మూసిన టెంట్లోకి, గదిలోకి తేకూడదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న ఎనిమిది మంది కేరళ పర్యాటకులు, వారిలో పిల్లలు కూడా, చనిపోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, వికారం, మగత దాని గుర్తులు. ఎత్తయిన చోట్ల కొత్తవాళ్లకు వచ్చే జబ్బు గుర్తులూ ఇవే కాబట్టి పక్కవాళ్లు పొరబడతారు. టెంట్లో ఒకరికి మించి ఒకేసారి తల పట్టుకుంటే ముందు అందరినీ బయటికి తీసుకురావాలి, కారణం తర్వాత వెతకొచ్చు.

కేదార్‌కంఠ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ లాంటి చోట్ల బ్యాగు అద్దెకు తీసుకునేవారు దాన్ని సంచిలోంచి తీసి పది నిమిషాలు పరిచి చూడాలి. పొంగకపోతే వద్దనాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నూగు లేని పలుచటి చోట్లు తెలిసిపోతాయి. జిప్ వెంట లోపల దూది గొట్టం ఉందా, తల దగ్గరి తాడు బిగుస్తుందా చూడాలి. లోపలికి పలుచటి సొంత గుడ్డ లైనర్ పట్టుకెళ్తే శుభ్రంగా ఉంటుంది. అది పది డిగ్రీల వేడి పెంచుతుందన్న ప్రకటనలను మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

మీ పత్రిక వచ్చే చలికాలంలో సామాను జాబితా వేసేటప్పుడు 'మైనస్ 10 బ్యాగ్' అన్న మాట తీసేసి, 'కంఫర్ట్ అంకె అక్కడి రాత్రి చలి కంటే నాలుగైదు డిగ్రీలు కింద ఉన్న బ్యాగు. మొత్తం ఆర్-వాల్యూ 5కు తగ్గని మ్యాట్ లేదా మ్యాట్‌లు' అని వేయాలని కోరుతున్నాను. ట్రెక్ నిర్వాహకుల ప్రకటనలు తీసుకునేటప్పుడు తామిచ్చే బ్యాగు కంఫర్ట్ అంకెను, మ్యాట్ రకాన్ని అందులో రాయమని అడిగితే ఇంకా మంచిది. డబ్బు కట్టకముందే పాఠకులకు ఆ రెండూ తెలుస్తాయి.

— ఒక ట్రెక్కింగ్ శిక్షకుడు, విశాఖపట్నం